కాసెమిరోకి ఇంకో ఏడాది ఇవ్వమని అడగకండి: బరంపురం వైపు మాంచెస్టర్ యునైటెడ్ అభిమానులకు బహిరంగ లేఖ

బరంపురం,
డిసెంబరు 2025

బరంపురం, ఛత్రపూర్, పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడల్లో ఉంటూ యునైటెడ్ మ్యాచ్ ఉన్న రాత్రి నిద్ర మానుకునే అన్నలకు, తమ్ముళ్లకు, మన గుంపులోని చెల్లెళ్లకు,

మీరు తయారుచేసిన విజ్ఞాపన పత్రం నాకూ వచ్చింది. వచ్చే జూన్‌తో మన బ్రెజిల్ మిడ్‌ఫీల్డర్ (మైదానం మధ్యలో ఆడేవాడు) కాసెమిరో ఒప్పందం అయిపోతుంది, అందులో క్లబ్బు చేతిలో ఉన్న అదనపు ఏడాదిని వాడుకుని అతన్ని 2027 దాకా ఉంచండి అని అడిగారు. ఇంగ్లీషు చాలా బాగుంది, బెంగళూరులో ఉన్న మనవాడు రాసినట్టున్నాడు. అయినా నేను సంతకం పెట్టడం లేదు. కారణం ఒకరిద్దరికి ఫోన్‌లో చెబితే మిగతావాళ్లకు మరోలా చేరుతుంది. గిరి రోడ్డులో టీ తాగుతూ చెబితే అరుపులే మిగులుతాయి. అందుకే అందరికీ కలిపి ఇలా రాస్తున్నాను.

కాసెమిరో ఆట అయిపోయిందని నేను అనడం లేదు. ఈ సీజన్లో చెల్సీ మీద గోల్ కొట్టాడు, బ్రైటన్ మీద కొట్టాడు, ఫారెస్ట్ మీద కొట్టాడు, మొన్న బోర్న్‌మౌత్‌తో 4-4 అయిన మ్యాచ్‌లోనూ కార్నర్‌కి తల పెట్టి కొట్టాడు. (చెల్సీ మ్యాచ్‌లో గోల్ కొట్టిన కాసేపటికే, అదే మొదటి సగంలో, రెడ్ కార్డు కూడా తెచ్చుకున్నాడు. ఆ సంగతి మీ పత్రంలో లేదు, సరే.) అన్సెలోట్టి బ్రెజిల్ కోచ్‌గా వచ్చిన వెంటనే అతన్ని మళ్లీ దేశం జట్టులోకి పిలిచాడు. ఇవన్నీ నిజాలే. బాగా ఆడుతున్నాడు కాబట్టే ఇప్పుడు పంపమంటున్నాను. ఆట పూర్తిగా పోయాక పంపడానికి ఎవరి తెలివీ అక్కర్లేదు.

ఏప్రిల్‌లో యూరోపా లీగ్ క్వార్టర్ ఫైనల్లో లియాన్‌తో జరిగిన మ్యాచ్ మీలో ఎవరూ మర్చిపోయి ఉండరు. 2-0 ఆధిక్యం పోయి, ఎక్స్‌ట్రా టైమ్‌లో 4-2 వెనకబడి, మన గదిలో సగం మంది చెప్పులు వేసుకుని బయల్దేరిపోయాక, తెల్లవారుజామున మూడు గంటల వేళ ఆ మ్యాచ్ 5-4 అయింది. మన కెప్టెన్ బ్రూనో పెనాల్టీకి కారణం కాసెమిరో మీద జరిగిన ఫౌల్. 120వ నిమిషంలో మైనూకి బంతి ఇచ్చింది అతనే, ఆ తర్వాతి నిమిషంలో మగ్వైర్ తలకి అందించిందీ అతనే. సెమీఫైనల్లో అథ్లెటిక్ బిల్బావో జట్టు మీద రెండు మ్యాచ్‌ల్లోనూ గోల్ కొట్టాడు. అంతకు ముందు ఏడాది, 2024 మే నెలలో, క్రిస్టల్ ప్యాలెస్ చేతిలో 4-0 ఓడినప్పుడు వెనక వరసలో సెంటర్ బ్యాక్‌గా నిలబడి పడిన అవస్థ చూసి, ఫుట్‌బాల్ నిన్ను వదిలేసేలోపు నువ్వే ఫుట్‌బాల్‌ని వదిలెయ్ అన్న ధోరణిలో లివర్‌పూల్ మాజీ ఆటగాడు జేమీ క్యారాగర్ టీవీలో మాట్లాడాడు. 2024 సెప్టెంబరులో లివర్‌పూల్ మ్యాచ్‌లో రెండు తప్పులకు రెండు గోల్స్ పడ్డాయి, హాఫ్ టైమ్‌లోనే తీసేశారు. అక్కడినుంచి లేచి వచ్చాడు. కోచ్ అమోరిమ్ బెంచీ మీద కూర్చోబెట్టినా నోరు జారలేదు, శిక్షణ మానలేదు. ఆ మనిషి మీద నాకున్న గౌరవం మీలో ఎవరికన్నా తక్కువ కాదు.

ఇక అసలు విషయానికొస్తే, ఈ సీజన్లో అతను ఇంత బాగా కనిపించడానికి ఉన్న పరిస్థితులు వచ్చే సీజన్లో ఉండవు. పోయిన సీజన్ లీగ్‌లో 15వ స్థానంలో ముగించాం, బిల్బావో నగరంలో టోటెనమ్ చేతిలో యూరోపా లీగ్ ఫైనల్ ఓడిపోయాం. దాంతో యూరప్ పోటీలు లేవు. ఆగస్టులో నాలుగో అంచె జట్టు గ్రిమ్స్‌బీ చేతిలో పెనాల్టీల్లో ఓడి లీగ్ కప్ కూడా మొదట్లోనే వదిలించుకున్నాం. అంటే వారానికి ఒక్క మ్యాచ్. 33 ఏళ్ల కాళ్లకు ఇంతకంటే మంచి వైద్యం ఏముంటుంది? దానికి తోడు 2026లో వరల్డ్ కప్ ఉంది. బ్రెజిల్ చొక్కా కోసం ప్రతి మ్యాచ్‌లోనూ తనను తాను చూపించుకోవాలి. వచ్చే సీజన్లో మనం కోరుకుంటున్నట్టే యూరప్‌లో అడుగుపెడితే వారానికి రెండు మ్యాచ్‌లు పడతాయి. వరల్డ్ కప్ అయిపోయి ఉంటుంది, అక్కడ ఆడి అలిసి వస్తాడు కూడా. వచ్చే ఫిబ్రవరికి 34 నిండుతాయి. మీరు 2025 కాసెమిరోని చూసి 2027 కాసెమిరోకి డబ్బులు ఇవ్వమంటున్నారు.

ఇప్పుడు కూడా చాలా మ్యాచ్‌ల్లో అతను చివరిదాకా ఉండటం లేదు. అరవయ్యో, డెబ్బయ్యో నిమిషం దాటేసరికి పక్కన నంబర్ల బోర్డు లేస్తోంది. అమోరిమ్ పద్ధతిలో మధ్యలో ఇద్దరే ఉంటారు. ఆ ఇద్దరూ మైదానం అడ్డంగా మొత్తం చూసుకోవాలి. బ్రూనో మనసు ఎప్పుడూ ముందుకే లాగుతుంది, కాబట్టి వెనక ఖాళీ మొత్తం ఒక్కడి మీద పడుతుంది. ఆ ఒక్కడు 33 ఏళ్ల మనిషి. ఇందులో అతని తప్పు ఏమీ లేదు, కానీ ఈ ఏర్పాటు ఇంకో ఏడాది నడుస్తుందని ఎవరైనా ఎలా అనుకుంటారో నాకు అర్థం కాదు.

పర్లాకిమిడి నుంచి ఒక తమ్ముడు పిర్లో పేరు ఎత్తాడు. 2011లో 32 ఏళ్ల పిర్లోని మిలాన్ ముసలాడని వదిలేస్తే, యువెంటస్ ఊరికే తీసుకెళ్లి వరసగా నాలుగు లీగ్ టైటిళ్లు కొట్టింది కదా అని. మంచి ఉదాహరణే. కానీ పిర్లో చేసే పని వేరు, కాసెమిరో చేసే పని వేరు. పిర్లో బంతిని పరిగెత్తించేవాడు, అతని బదులు పరిగెత్తడానికి విదాల్, మార్కిజియో ఉండేవాళ్లు. అంత దూరం ఎందుకు, మన ఒడిశా ఎఫ్‌సీలో అహ్మద్ జాహూని చూడలేదా? 2023లో కోచ్ లోబెరాతో పాటు వచ్చాడు, ఆ ఏడాదే 35 నిండాయి. కళింగ స్టేడియంలో అతను నడుచుకుంటూనే నలభై గజాల పాస్ వేస్తుంటే మన పక్క సీటులోని ఒడియా పెద్దాయన "ఆహా" అన్న సంగతి గుర్తుందా? ఆ సీజన్లో జట్టు నాలుగో స్థానంలో ముగించి సెమీస్ ఆడింది. పాస్ వేసేవాడికి వయసు ఆలస్యంగా వస్తుంది. కాసెమిరో బతుకంతా ఎదుటివాడి కంటే అర సెకను ముందు చేరడం మీద కట్టుకున్నది. ఆ అర సెకను పోతే ఫౌల్, ఫౌల్ అయితే కార్డు. యునైటెడ్‌కు వచ్చిన మొదటి సీజన్లోనే లీగ్‌లో రెండు రెడ్ కార్డులు చూశాడు, అదీ 31 ఏళ్లకే.

మీ పత్రంలో నన్ను అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టిన వాక్యం, "అతను పోతే మధ్యలో ఎవరున్నారు?" అన్నది. ఈ ప్రశ్న మనం పదిహేనేళ్లుగా అడుగుతున్నాం. క్లబ్బు ప్రతిసారీ ఒక పెద్ద పేరుతో మన నోరు మూయించింది. మన మిడ్‌ఫీల్డర్ స్కోల్స్ 2011లో రిటైర్ అయ్యాడు. అతని స్థానంలో ఎవరినీ కొనలేదు. 2012 జనవరికి మధ్యలో మనుషులు చాలక, రిటైరైన 37 ఏళ్ల స్కోల్స్‌నే మళ్లీ పిలిచారు. అప్పుడు మనం సంబరపడ్డాం, నేనూ పడ్డాను, కానీ అది ఎంత సిగ్గుచేటైన సంగతో ఎవరూ అనలేదు. 2013లో బదిలీల గడువు చివరి రోజు హడావిడిగా ఫెలైనీ. 2015లో ష్వైన్‌స్టైగర్, వరల్డ్ కప్ గెలిచి వచ్చినవాడు, 31కి దగ్గర పడినవాడు. ఏడాది తిరిగేసరికి కొత్త కోచ్ మౌరీన్యో అతన్ని మొదటి జట్టు నుంచి వేరుచేసి విడిగా శిక్షణ చేసుకోమన్నాడు, 2017లో షికాగో వెళ్లిపోయాడు. 2016లో ప్రపంచ రికార్డు ధరకు పోగ్బా, 2022లో పైసా రాకుండా వెళ్లిపోయాడు. 2017లో చెల్సీ నుంచి 29 నిండబోతున్న మాటిచ్, అతనూ 2022లో ఊరికే వెళ్లాడు.

2022 వేసవి అంతా బార్సిలోనా మిడ్‌ఫీల్డర్ డి యాంగ్ వస్తాడు, వస్తాడు అంటూ గడిచిపోయింది. రాలేదు. ఆగస్టు 13న బ్రెంట్‌ఫర్డ్ చేతిలో 4-0 ఓడాం. ఆ తర్వాత పదిరోజులు కూడా తిరగకుండా రియల్ మాడ్రిడ్ నుంచి కాసెమిరో వచ్చాడు. ఇల్లు కాలాక బావి తవ్వినట్టు అంటారే, అదే. అందుకే 30 ఏళ్ల మనిషికి నాలుగేళ్ల ఒప్పందం, పైన ఇంకో ఏడాది అవకాశం, 6 కోట్ల పౌండ్లు, షరతుల మీద మరో కోటి. రియల్ మాడ్రిడ్ ఏం చేసిందో చూడండి. ఐదు చాంపియన్స్ లీగ్‌లు గెలిపించిన మనిషి, 2022లో కూడా గెలిచి కప్పు ఎత్తినవాడు. అయినా అదే వేసవిలో ముందుగా అదే స్థానంలో ఆడే కుర్రవాడు చువామెనిని కొనుక్కుంది, తర్వాత ఇతన్ని అమ్మింది. ముందు కొనడం, తర్వాత అమ్మడం, ఈ వరస గమనించండి. ముప్పై దాటినవాళ్లకు మామూలుగా ఏడాదికి ఏడాది ఒప్పందమే ఇస్తుంది ఆ క్లబ్బు. మొడ్రిచ్ అలాగే ఏటా సంతకం పెడుతూ ఉండిపోయి, 2025 వేసవిలో మిలాన్‌కి వెళ్లాడు. క్రూస్ 34 ఏళ్లకే, మంచి ఫామ్‌లో ఉండగా, 2024లో చాంపియన్స్ లీగ్ గెలిచి తనంతట తానే ఆపేశాడు. అప్పుడు మాడ్రిడ్ ఏడ్చింది, కానీ కూలిపోలేదు.

కాసెమిరోకి ఇంకో ఏడాది ఇస్తే మన క్లబ్బు ఏం చేస్తుందో మీకూ తెలుసు. "ఇంకా కాసెమిరో ఉన్నాడు కదా" అని 2026 వేసవి కూడా మధ్యలో ఎవరినీ కొనకుండా గడిపేస్తుంది. ఈ వేసవిలో అదే జరిగింది. కున్యా, ఎంబెమో, షెష్కో, ముగ్గురినీ ముందు వరసకే కొన్నారు. గోల్స్ పెరిగాయి, మంచిదే. కానీ మొన్న బోర్న్‌మౌత్ మన మీద నాలుగు గోల్స్ ఎలా కొట్టగలిగింది? అర్ధరాత్రి ఒకటిన్నరకు మొదలైన ఆ మ్యాచ్ చివరిదాకా చూసినవాళ్లు మళ్లీ ఆలోచించండి.

డబ్బు సంగతికి వద్దాం. క్లబ్బు ఎప్పుడూ జీతాలు బయటపెట్టదు. ఇంగ్లండ్ పత్రికలు అతనికి వారానికి 3 లక్షల పౌండ్లకు తగ్గదని రాస్తూ వచ్చాయి. ఆ లెక్కన రూపాయల్లో వారానికి దాదాపు మూడున్నర కోట్లు, ఏడాదికి 180 కోట్ల పైమాట. కొన్న ధరను నాలుగేళ్లకు పంచి ఖాతాల్లో రాస్తారు కాబట్టి, వచ్చే జూన్‌తో ఆ 6 కోట్ల పౌండ్ల భారం తీరిపోతుంది, ఇంకో ఏడాది ఉంచితే జీతం ఒక్కటే ఖర్చు, కాబట్టి చవక అని మనలో ఒక చార్టర్డ్ అకౌంటెంట్ అన్న వాదిస్తున్నాడు. అన్నయ్యా, లెక్క సరైనదే. కానీ చవక అన్న మాటకు అర్థం ఏమిటి? వారానికి మూడున్నర కోట్లు ఇచ్చి అరవై నిమిషాల ఆట కొనడం ఏ ఖాతాలో చవక? ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో ఈ 2025-26 సీజన్ దాకా, మూడేళ్లకు కలిపి 10.5 కోట్ల పౌండ్లకు మించి నష్టం చూపించకూడదన్న నిబంధన ఉంది. జీతంలో పోయే ప్రతి పౌండూ కొత్తవాణ్ణి కొనే పౌండే.

ఇంకో సంగతి. ఇదే క్లబ్బు 2024లో దాదాపు 250 మంది ఉద్యోగుల్ని తీసేసింది. 2025 ఫిబ్రవరిలో మరో రెండు వందల దాకా ఉద్యోగాలు పోతాయని ప్రకటించింది. ఓల్డ్ ట్రాఫర్డ్‌లో సిబ్బందికి మధ్యాహ్నం పెట్టే ఉచిత భోజనం ఆపేసింది. సీజన్ మధ్యలో పిల్లలకూ పెద్దలకూ ఒకే ధర అని 66 పౌండ్ల టికెట్ పెట్టింది. సర్ అలెక్స్ ఫెర్గూసన్‌కు రాయబారిగా ఇచ్చే సొమ్ము కూడా ఆపేసింది. సూరత్ మగ్గాలకు వెళ్లి వచ్చిన కుటుంబాలు మన గంజాం జిల్లాలో ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. గిరాకీ మందగిస్తే ముందు ఎవరి పని పోతుందో ఆ ఇళ్లల్లో అడగండి. వంటగది మూసేసిన చోట, వాడుకోకపోయినా ఎవరూ అడగని ఒక షరతును వాడుకుని మరీ ఆ జీతం ఇంకో ఏడాది పొడిగించమని అడగడానికి నాకు మనసు రాలేదు. మార్చిలో బీబీసీతో మాట్లాడుతూ క్లబ్బు సహ యజమాని రాట్‌క్లిఫ్, పాత యాజమాన్యం నుంచి వచ్చిన భారాల్లో కాసెమిరో పేరు కూడా చేర్చాడు. అది నాకు నచ్చలేదు. ఆ జీతం అతను దొంగిలించింది కాదు, క్లబ్బే బతిమాలి ఇచ్చింది. దానికి అతన్ని నిందించడం తప్పు. అలాగని క్లబ్బు తెలిసి తెలిసి అదే తప్పు మళ్లీ ఎందుకు చేయాలి?

"ఏడాది పొడిగించి, వేసవిలో సౌదీ క్లబ్బుకు అమ్మితే డబ్బు వస్తుంది" అని కొందరి ఆశ. 34 ఏళ్ల మనిషికి, అంత జీతం చేతిలో ఉండగా, ధర కట్టి కొనేది ఎవరు? జీతం వదులుకుని వెళ్లేది ఎవరు? జీతం దగ్గర బేరం కుదరక సాంచో అమ్ముడుపోని సంగతి చూశాం కదా. దీని మీద ఇంతకంటే రాయక్కర్లేదు.

సగం జీతానికి, బెంచీ మీద నుంచి దిగే పాత్రకు, కొత్తగా ఏడాది ఒప్పందం చేసుకుంటానని కాసెమిరోయే ముందుకొస్తే? అది వేరే మాట, అప్పుడు నేనూ ఆలోచిస్తాను. కానీ మీ పత్రంలో ఆ మాట లేదు. ఉన్న షరతును వాడమని అడిగారు. అలాంటి షరతు, అంటే ఆప్షన్, మామూలుగా పాత లెక్కల మీదే నడుస్తుంది.

చివరగా మైనూ. 2024లో 19 ఏళ్లకే ఎఫ్‌ఏ కప్ ఫైనల్లో మాంచెస్టర్ సిటీ మీద గోల్ కొట్టినవాడు, అదే వేసవిలో ఇంగ్లండ్ తరఫున యూరో ఫైనల్లో మొదటి నిమిషం నుంచి ఆడినవాడు. ఈ సీజన్లో ఇంతవరకు లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా మొదలుపెట్టలేదు. ఆ తప్పు అమోరిమ్‌ది, కాసెమిరోది కాదని నాకు తెలుసు. కానీ కుర్రవాడికి ఖాళీ చూపించకపోతే వెళ్లిపోతాడు, వెళ్లాలనుకుంటున్నాడని వార్తలు కూడా వస్తున్నాయి. లియాన్ మీద 120వ నిమిషంలో గోల్ కొట్టింది ఆ కుర్రవాడే. పాస్ ఇచ్చింది ఎవరో పైనే రాశాను. ఆ ఇద్దరిలో ఒక్కరినే ఉంచుకోవాల్సి వస్తే మీరు ఎవరిని ఎంచుకుంటారో ఆ సంగతి మీ పత్రంలో ఎక్కడా లేదు.

డ్రెస్సింగ్ రూమ్‌లో అనుభవం కావాలి అని రాశారు. కావాలి. మగ్వైర్ ఉన్నాడు, బ్రూనో ఉన్నాడు. అనుభవం పేరు మీద 2021లో 36 ఏళ్ల రొనాల్డోని తెచ్చుకున్నాం. మన గుంపులోనే ఆ ఏడాది ఎన్ని మాటలు పడ్డాయో, ఎవరు ఎవరితో మాట్లాడటం మానేశారో ఇక్కడ రాయను.

పత్రం పంపవద్దని నేను అనను. దాన్ని ఇలా మార్చండి అంటాను. ఆప్షన్ వాడమన్న రెండో పేరా పూర్తిగా తీసేయండి. దాని స్థానంలో మూడు సంగతులు రాయండి. జనవరిలో గానీ వేసవి మొదట్లో గానీ, కాసెమిరో ఇంకా జట్టులో ఉండగానే, మధ్యలో ఆడే కుర్రవాణ్ణి కొనమనండి. మైనూకి లీగ్ మ్యాచ్‌లు మొదలుపెట్టే అవకాశం ఇమ్మనండి. మే నెలలో ఓల్డ్ ట్రాఫర్డ్‌లో కాసెమిరో ఆఖరి మ్యాచ్ ఏదో ముందుగానే చెప్పి, స్టేడియం నిండా జనం నిలబడి చప్పట్లు కొట్టేలా సాగనంపమనండి. పోగ్బా, మాటిచ్‌లు వెళ్లినట్టు చడీచప్పుడు లేకుండా వెళ్లే మనిషి కాదు అతను.

అలా మార్చి పంపితే నా పేరు మొదట్లోనే పెట్టుకోండి. మా వీధిలో ఇంకో నలుగురి సంతకాలు కూడా తెస్తాను, వాళ్లలో ఇద్దరు ఒడియావాళ్లు, ఒకడు లివర్‌పూల్ అభిమాని. మార్చిన ప్రతి ఈ ఆదివారం లోపు గుంపులో పెట్టండి. కొత్త సంవత్సరం వస్తే ఆటగాళ్లను కొనే బదిలీల కిటికీ తెరుచుకుంటుంది, ఆ తర్వాత పంపినా చదివేవాళ్లు ఉండరు.

మీలో ఒకడు,
గిరి రోడ్డు, బరంపురం